గుండెకు అక్షరాలు దిద్దించిన మాస్టారు



మీ ఇంట్లో బీరువాలోనో, మంచం కింద సూట్‌కేసులోనో ఒక హాస్పిటల్ ఫైలు ఉండే ఉంటుంది. నాన్నగారిదో, అత్తగారిదో. అందులో బ్లడ్ టెస్టుల కాగితాల మధ్య మడిచిపెట్టిన గులాబీ రంగు గళ్ల కాగితం ఒకటి కనిపిస్తుంది. దాని మీద నల్లటి గీత ఒకటి కొండలూ లోయలూ ఎక్కి దిగుతూ పోతుంటుంది. అదే ఈసీజీ.

మీరు దాన్ని ఎప్పుడో ఒకసారి విప్పి చూసి, ఏమీ అర్థం కాక మళ్లీ మడిచి పెట్టేసి ఉంటారు. డాక్టరుగారు మాత్రం కాసేపు చూసి గుండె సవ్యంగా కొట్టుకుంటోందో లేదో చెప్పేశారు. మీకు గజిబిజిగా కనిపించిన గీతలో ఆయనకు అక్షరాలు కనిపించాయి. ఆ అక్షరాలు పెట్టిన మనిషి ఒకరున్నారు. ఈ నెల మనం ఆయన జీవితం చదువుకుందాం. ఆయన పేరు విల్లెం ఐంథోవెన్. మీ పిల్లల సైన్సు పుస్తకంలో ఈ పేరు ఎక్కడో ఒక మూల ఉంటే ఉంటుంది. కానీ ఆయన కథ మార్కుల కోసం కాకుండా తెలుసుకోవలసిన కథ.

ఆరేళ్లకే తండ్రి పోయిన పిల్లవాడు

ఐంథోవెన్ పుట్టింది 1860 మే 21న, జావా ద్వీపంలోని సెమరాంగ్ ఊళ్లో. ఇప్పుడది ఇండోనేషియాలో ఉంది. అప్పట్లో డచ్చివారి పాలనలో ఉండేది. తండ్రి డాక్టరు. విల్లెంకు ఆరేళ్లప్పుడు ఆయన చనిపోయారు. ఆరుగురు పిల్లలతో మిగిలిన తల్లి 1870లో వాళ్లందరినీ వెంటబెట్టుకుని ఓడెక్కి నెదర్లాండ్స్‌కు వచ్చేసింది. ఉట్రెక్ట్ నగరంలో కాపురం పెట్టింది. అప్పటికి విల్లెంకు పదేళ్లు. కొత్త దేశం, చలి, కొత్త బడి.

తండ్రిలాగే డాక్టరు కావాలన్నది అతని కోరిక. సొంత ఖర్చుతో చదివించే స్తోమత ఇంట్లో లేదు. అందుకని ప్రభుత్వ ఖర్చుతో చదివి, తర్వాత డచ్ సైన్యంలో డాక్టరుగా తూర్పు ద్వీపాలకు వెళ్లి పనిచేస్తానని ఒప్పందం మీద వైద్య కళాశాలలో చేరాడు. మన దగ్గర బాండు రాసి మెడికల్ సీటులో చేరే పిల్లల్లాగానే.

పుస్తకాల పురుగు అనుకునేరు. ఆటలంటే ప్రాణం. జిమ్నాస్టిక్స్, కత్తి సాము, పడవ పోటీలు అన్నిట్లోనూ ముందుండేవాడు. ఒకసారి అలాగే ఆడుతూ పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. చేతికి కట్టుతో గదిలో కూర్చోవలసి వచ్చింది. ఆ ఖాళీ రోజుల్లో తన చేతినే చూసుకుంటూ, మోచేతి కీలు ఎలా తిరుగుతుందో పరిశీలించి ఒక వ్యాసం రాశాడు. 1882లో అది అచ్చయింది. మీ అబ్బాయి కాలికి కట్టుతో ఇంట్లో కూర్చున్నప్పుడు ఫోను చేతికిచ్చే ముందు ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి.

1885లో డాక్టరేటు వచ్చింది. ఆ వెంటనే లైడెన్ విశ్వవిద్యాలయం ఆయన్ను శరీరధర్మ శాస్త్ర ప్రొఫెసరుగా నియమించింది. అప్పటికి వయసు ఇరవై అయిదు. సైన్యంలో చేరలేదు కాబట్టి చదువుకు ప్రభుత్వం పెట్టిన ఖర్చు తిరిగి కట్టవలసి వచ్చింది. ఆ లైడెన్‌లోనే, అదే ఉద్యోగంలో, చనిపోయేదాకా నలభై ఏళ్లకు పైగా ఉండిపోయారు.

తప్పుగా రాసే యంత్రం

అప్పటిదాకా గుండె లయ తప్పితే డాక్టర్లకు తెలిసేదెలా? నాడి పట్టుకోవాలి, ఛాతీ మీద చెవి ఆనించో గొట్టం పెట్టో వినాలి. వేలికి తెలిసేది తెలిసినంతే. నాడి ఒక దెబ్బ తప్పిందని తెలుస్తుంది. ఎందుకు తప్పిందో, గుండెలో ఏ గది దగ్గర తేడా వచ్చిందో వేలికి తెలియదు.

గుండె కొట్టుకునే ప్రతిసారీ అతి స్వల్పమైన విద్యుత్తు పుడుతుందని అప్పటికే తెలుసు. 1887లో లండన్‌లో అగస్టస్ వాలర్ అనే శాస్త్రవేత్త మనిషి గుండె విద్యుత్తును శరీరం బయటి నుంచే నమోదు చేసి చూపించారు. తర్వాతి రోజుల్లో తన పెంపుడు కుక్క జిమ్మీ పాదాలను ఉప్పునీటి పాత్రల్లో పెట్టించి ఈ ప్రయోగం ప్రదర్శించేవారు. 1889లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో శరీరధర్మ శాస్త్రవేత్తల మహాసభ జరిగినప్పుడు వాలర్ ప్రదర్శన చూసినవాళ్లలో ఐంథోవెన్ ఒకరు. ఇది ఆసుపత్రుల్లో పెద్దగా ఉపయోగపడుతుందని వాలరే అనుకోలేదు. చూసి వెళ్లిన ఐంథోవెన్ మాత్రం దాన్ని మరిచిపోలేదు.

వాలర్ వాడిన పరికరంలో సన్నటి గాజు గొట్టం, అందులో పాదరసం ఉండేవి. విద్యుత్తు తగలగానే పాదరసం అంచు పైకీ కిందికీ కదులుతుంది. ఆ కదలికను ఫోటో తీస్తారు. కానీ పాదరసం బరువైనది. గుండె విద్యుత్తు మారినంత వేగంగా అది కదల్లేదు. మాస్టారు గబగబా చెబుతుంటే నెమ్మదిగా నోట్సు రాసుకునే పిల్లవాడిలా వెనకబడిపోతుంది. గీత వస్తుంది కానీ తప్పు గీత.

పైగా ఐంథోవెన్ ప్రయోగశాల ఉన్నది పాత భవనం. పక్కన రాళ్లు పరిచిన వీధి. గుర్రపు బండి పోయినప్పుడల్లా నేల అదిరి పాదరసం వణికేది. నేల తవ్వించి పెద్ద పెద్ద రాళ్లు నింపించినా వణుకు పోలేదు.

అప్పుడాయన లెక్కలు పట్టుకున్నారు. పాదరసం ఎంత ఆలస్యం చేస్తుందో కొలిచి, ఆ ఆలస్యాన్ని లెక్కకట్టి తీసేస్తే అసలు గీత ఎలా ఉండాలో కాగితం మీద గీశారు. 1895లో దాన్ని ప్రచురించారు. యంత్రం చూపించిన గీతలోని మలుపులకు ఎ, బి, సి, డి అని పేర్లు పెట్టారు. తాను దిద్దిన గీత వాటితో కలిసిపోకూడదు కదా, అందుకని దాని మలుపులకు పి, క్యూ, ఆర్, ఎస్, టి అని పెట్టారు. ఈ రోజుకీ ప్రపంచంలో ప్రతి డాక్టరూ, ప్రతి నర్సింగు విద్యార్థీ చదివేది ఆ అయిదు అక్షరాలే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. జవాబు వచ్చేసింది. పేపరు అచ్చయింది. చాలామంది అక్కడితో తృప్తి పడతారు. ఐంథోవెన్ పడలేదు. ఒక్కో గుండె గీతకు ఇన్ని లెక్కలు చేయవలసి వస్తే ఏ డాక్టరు చేస్తాడు, ఏ రోగికి అందుతుంది? తప్పు రాసే యంత్రాన్ని రోజూ దిద్దుకుంటూ కూర్చోవడం కంటే, సరిగా రాసే యంత్రాన్ని తయారు చేయాలనుకున్నారు. అందుకు ఇంకో ఆరేళ్లు పట్టింది.

ఒక దారం, దాని నీడ

పాదరసం బరువు కాబట్టి వెనకబడుతోంది. మరి బరువు దాదాపు లేని వస్తువు ఏది? ఆయనకు దొరికింది క్వార్ట్జ్ దారం. క్వార్ట్జ్‌ను కరిగించి, దాన్ని బాణానికి తగిలించి గదిలో ఆ చివరికి వదిలేవారు. బాణం దూసుకుపోతుంటే వెనక సాగే దారం తల వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నగా వస్తుంది. దానికి వెండి పూత పూస్తే విద్యుత్తు పారుతుంది.

ఆ దారాన్ని బలమైన విద్యుదయస్కాంతం ధ్రువాల మధ్య బిగించారు. రోగి రెండు చేతులూ, ఎడమ కాలూ ఉప్పునీటి పాత్రల్లో పెట్టి కూర్చుంటాడు. అతని గుండె విద్యుత్తు దారంలోకి రాగానే అయస్కాంత బలానికి దారం పక్కకు కదులుతుంది. ఆ కదలిక కంటికి కనిపించదు. అందుకని దాని మీద వెలుతురు వేసి, మైక్రోస్కోపుతో పెద్దది చేసి, కదిలే ఫోటో ప్లేటు మీద దారం నీడ పడేలా చేశారు. ఆ నీడ గీసిందే ఈసీజీ. లెక్కలతో దిద్దే పని లేదు. 1895లో ఆయన కాగితం మీద లెక్కకట్టి గీసిన ఆకారమే ఇప్పుడు యంత్రం తనంతట తాను రాసింది.

1901లో ఈ స్ట్రింగ్ గాల్వనోమీటర్ గురించి ప్రకటించారు. మరుసటి ఏడాది దానితో తీసిన మొదటి ఈసీజీలు వెలువడ్డాయి. ఆ యంత్రం బరువు సుమారు 270 కిలోలు. రెండు గదులు ఆక్రమించేది. నడపడానికి అయిదుగురు కావాలి. అయస్కాంతాలు వేడెక్కకుండా నీళ్లు పారిస్తూ ఉండాలి. ఇప్పుడు మీ వీధి చివర క్లినిక్‌లో టేబుల్ మీద పెట్టే ఈసీజీ మిషను ఆ యంత్రం వారసురాలే. కాగితం మీద అడ్డంగా ఒక మిల్లీమీటరు అంటే సెకనులో 25వ వంతు, నిలువుగా ఒక సెంటీమీటరు అంటే ఒక మిల్లీవోల్టు అన్న కొలత కూడా ఆనాడు ఆయన పెట్టిందే. మీ ఫైలులోని కాగితం సాధారణంగా ఆ కొలతకే నడుస్తుంది.

అమెరికాలో ఉన్న మీ బంధువులు దీన్నే ఇకెజి అనడం విని ఉంటారు. అది వేరే పరీక్ష కాదు. జర్మన్ భాషలో ఈ మాటను కె అక్షరంతో రాస్తారు. ఆ కె అక్కడ అలాగే ఉండిపోయింది.

కిలోమీటరున్నర తీగ

యంత్రం సిద్ధమైంది. కానీ అది ఉన్నది ప్రయోగశాలలో. గుండె జబ్బుతో మంచం మీద ఉన్నవాళ్లు ఆసుపత్రిలో. మధ్య దూరం కిలోమీటరున్నర. యంత్రాన్ని కదపలేరు, రోగిని కదపకూడదు. ఐంథోవెన్ రెండింటినీ ఎక్కడివక్కడే ఉంచి, మధ్య టెలిఫోన్ తీగ వాడుకున్నారు. 1905 మార్చి 22న ఆసుపత్రిలో ఉన్న ఒక ఆరోగ్యవంతుడి గుండె గీత తీగ మీద ప్రయాణించి ప్రయోగశాలలో నమోదైంది. ఆన్‌లైన్ కన్సల్టేషన్ మనకు ఈ మధ్య వచ్చిందనుకుంటాం కదా!

ఈ తీగ వల్లే అసలు ఫలితం వచ్చింది. 1906లో ఐంథోవెన్ రోగుల గీతలను వరుసగా ప్రచురించారు. నాడి పట్టుకున్నప్పుడు అన్నీ లయ తప్పినట్టే అనిపించే గుండెలు కాగితం మీద ఒక్కోటి ఒక్కో రకంగా కనిపించాయి. గుండె గదులు పెద్దవైతే గీత ఎలా మారుతుందో, దెబ్బలు జంటలు జంటలుగా పడితే ఎలా ఉంటుందో, పై గదులకూ కింది గదులకూ సంబంధం తెగిపోతే ఏమవుతుందో మొదటిసారిగా కంటికి కనిపించింది. వేలికి అందని తేడా కంటికి అందింది.

డాక్టరుగారు ఏం చూస్తారు?

పదో తరగతి బయాలజీ చదివే మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఈ భాగం చదవండి. ఆమెకు మీకన్నా బాగా అర్థం కావచ్చు.

గుండెలో పై రెండు గదులు కర్ణికలు, కింది రెండు జఠరికలు. కుడి కర్ణికలో ఉన్న లయారంభకం ముందు సంకేతం ఇస్తుంది. కర్ణికలలో ఆ సంకేతం పాకినప్పుడు వచ్చే చిన్న గుట్ట పి. తర్వాత కాస్త విరామం. జఠరికలలోకి సంకేతం దూకినప్పుడు వచ్చే నిటారు శిఖరం క్యూ ఆర్ ఎస్. జఠరికలు తర్వాతి దెబ్బకు సిద్ధమయ్యేటప్పుడు వచ్చే గుండ్రటి గుట్ట టి.

లయ చూసేటప్పుడు డాక్టరు తనను తాను కొన్ని ప్రశ్నలు వేసుకుంటారు. శిఖరాల మధ్య దూరం సమానంగా ఉందా? ప్రతి శిఖరానికి ముందు పి ఉందా? ప్రతి పి తర్వాత శిఖరం వస్తోందా? రెంటి మధ్య విరామం మరీ ఎక్కువగా ఉందా? లయ సమానంగా ఉంటే ఇంకో సులువు ఉంది. రెండు శిఖరాల మధ్య పెద్ద గళ్లు లెక్కపెట్టి, 300ను ఆ సంఖ్యతో భాగిస్తే నిమిషానికి ఎన్ని దెబ్బలో వస్తుంది. నాలుగు గళ్లుంటే 75.

శిఖరాలు ఎలా పడితే అలా, ఏ వరుసా లేకుండా వస్తూ, పి ఎక్కడా కనిపించకపోతే కర్ణికలు ముడుచుకోవడం మానేసి వణుకుతున్నాయని అర్థం. దీన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. ఆ గదుల్లో రక్తం నిలిచి గడ్డ కట్టి, మెదడుకు వెళ్తే పక్షవాతం రావచ్చు. పెద్దవాళ్లలో దీన్ని ముందే పట్టుకోవడం అందుకే ముఖ్యం. పి గుట్టలు తమ దారిన తాము, శిఖరాలు తమ దారిన తాము చాలా నెమ్మదిగా నడుస్తుంటే పై గదులకూ కింది గదులకూ మాటలు లేవన్నమాట. అది పూర్తి హార్ట్ బ్లాక్. అలాంటివాళ్లకే ఇప్పుడు పేస్‌మేకర్ పెడతారు.

ఇది చదివి మీ ఫైలులోని కాగితానికి మీరే తీర్పు చెప్పకండి. చెయ్యి కదిలినా, పట్టీ సరిగా అంటుకోకపోయినా గీత మారుతుంది. రోగిని చూడకుండా గీత ఒక్కటే చూసి చెప్పడం డాక్టర్లకే కష్టం. డాక్టరుగారిని సరైన ప్రశ్న అడగడానికి మాత్రం ఈ మాత్రం తెలిస్తే చాలు.

పేరు ఒకరిది, చేతులు ఎన్నో

ఐంథోవెన్ కనిపెట్టిన యంత్రాన్ని ఆసుపత్రుల దాకా తీసుకెళ్లినవాళ్లు వేరే ఉన్నారు. ముందు మ్యూనిక్‌లోని ఎడెల్మన్ కంపెనీ తయారు చేసింది. కొంతకాలానికి ఆయనకు ఇవ్వవలసిన రాయల్టీ ఆపేసింది. తర్వాత చార్లెస్ డార్విన్ కుమారుడు హోరేస్ డార్విన్ నడిపిన కేంబ్రిడ్జి కంపెనీ ముందుకొచ్చి, యంత్రాన్ని బల్ల మీద పట్టేంతగా కుదించింది. లండన్‌లో థామస్ లూయిస్ అనే యువ డాక్టరు దాంతో ఎందరో రోగుల గుండె లయలను నమోదు చేశారు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అరుదైన వింత కాదని, మనుషుల్లో తరచుగా కనిపించే జబ్బేనని 1909లో చూపించారు. యంత్రం ఐంథోవెన్‌ది, దాంతో రోగుల గుండెలను చదివి చూపించింది లూయిస్. ఐంథోవెన్ ఈ మాట దాచలేదు. నోబెల్ ఉపన్యాసంలోనే లూయిస్ పనిని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.

ఆ నోబెల్ బహుమతి 1924లో వచ్చింది. అప్పుడాయన అమెరికాలో ఉపన్యాసాలు ఇస్తూ తిరుగుతున్నారు. బహుమతి డబ్బు అందాక ఆయన చేసిన పని ఒకటి డాక్టర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. యంత్రం తయారీలో ఏళ్ల తరబడి తనతో పనిచేసిన వాన్ డెర్ వూర్ట్ అనే సహాయకుడి కోసం వెతికారట. ఆయన అప్పటికే చనిపోయారు. ఇద్దరు అక్కచెల్లెళ్లు మాత్రం పేదరికంలో బతుకుతున్నారు. ఐంథోవెన్ వాళ్ల దగ్గరికి వెళ్లి బహుమతి డబ్బులో సగం వాళ్లకు ఇచ్చారని చెబుతారు.

1927 సెప్టెంబరు 29న, అరవై ఏడేళ్ల వయసులో, ఐంథోవెన్ లైడెన్‌లో కన్నుమూశారు.

ఆయన అక్షరాలు ఆయన పోయాక కూడా కొత్త సంగతులు చెబుతూనే ఉన్నాయి. 1957లో నార్వేలో ఇద్దరు డాక్టర్లు ఒక కుటుంబం గురించి రాశారు. పుట్టు చెవుడు ఉన్న నలుగురు పిల్లలు ఉన్నట్టుండి స్పృహ తప్పి పడిపోయేవారు. వాళ్లలో ముగ్గురు చిన్న వయసులోనే చనిపోయారు. బయటికి గుండె బాగానే ఉన్నట్టుండేది. ఈసీజీలో మాత్రం క్యూ నుంచి టి చివరి దాకా ఉండే దూరం బాగా ఎక్కువగా ఉంది. ఆ కాస్త దూరమే ప్రాణాంతకమైన లయకు దారి తీస్తుంది. చెవుడు లేని పిల్లల్లోనూ ఇలాంటి లోపం ఉంటుందని తర్వాత తేలింది. ఇప్పుడు డాక్టర్లు దీన్ని ముందే గుర్తించి మందులతో కాపాడగలుగుతున్నారు.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

మొదటిది. ఆదివారం తీరిగ్గా మీ పిల్లల చేత మణికట్టు దగ్గర నాడి పట్టించండి. నిమిషం పాటు లెక్కపెట్టమనండి. గట్టిగా ఊపిరి తీసుకున్నప్పుడు వేగం కాస్త పెరిగి, వదిలినప్పుడు తగ్గడం వాళ్లు గమనించవచ్చు. పిల్లల్లో ఇది సహజం. భయపడనక్కర లేదు.

రెండోది. ఆడుతూనో, పరుగెత్తుతూనో, ఉలిక్కిపడినప్పుడో పిల్లలు స్పృహ తప్పి పడిపోతే ఎండకు పడ్డాడనో, టిఫిన్ తినలేదనో సరిపెట్టుకోకండి. మీ ఇంట్లో, మీ పుట్టింట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లు ఎవరైనా ఉంటే ఆ సంగతి డాక్టరుగారికి తప్పకుండా చెప్పండి. ఈసీజీ తీయించమని అడగండి. నొప్పి ఉండదు, కొన్ని నిమిషాల పని. పీఈటీ సార్‌కూ ఒక మాట చెప్పి ఉంచండి.

మూడోది. ఫైలులోని పాత ఈసీజీలు పారేయకండి. కొత్త గీతను పాత గీతతో పోల్చి చూస్తేనే చాలాసార్లు అసలు సంగతి బయటపడుతుంది. ఆ కాగితం మీద గీత కొన్నేళ్లకు వెలిసిపోతుంది. ఇప్పుడే జిరాక్స్ తీయించండి, లేదా ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. ఆ పని మీ పిల్లలకే అప్పగించండి. కాగితం విప్పినప్పుడు పి ఏదో, టి ఏదో వాళ్లనే వెతకమనండి. తాతయ్య గుండె తన మనవడి ముందు తన సంతకం తానే పెట్టినట్టుంటుంది.